ఏడో తూము పోలయ్య సాక్ష్యం

మొదటి నమోదు

ముందుగా జరిగినవి, జరిగిన వరుసలో:

1. సముద్రపు గోడ మీద ఉన్న ఊరు మాది, ఏడో తూము. కిందటి వర్షాకాలంలో మా నమోదుదారు కాలం చేశారు. పుట్టుకలు, చావులు, పెళ్ళిళ్ళు, సముద్రపు గోడకు పడిన పగుళ్ళు రాసిపెట్టడం ఆయన పని.

2. డెల్టా మండలి నుంచి తాకీదు వచ్చింది. కాలేజీ కోర్సు గట్టెక్కి అర్హత పొందిన నమోదుదారు లేని చోటును ఆవాసంగా లెక్కించరు. తుఫానుల కాలం ముగిసేలోగా ఒకరిని చూపించకపోతే మందుల పడవ, బడి పడవ ఆగిపోతాయి. మమ్మల్ని గోడ మీది నుంచి దింపి లోపలి పట్టణాల మేడలకు తరలిస్తారు.

3. తాకీదు చదివి వినిపించాక అందరూ నా వైపు చూశారు. నేను ఏ కాలేజీ గడపా తొక్కలేదు. పంపుల మరమ్మతు పుస్తకాలు ముందు పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. అయితే కనిపించినదల్లా అంకెలు వేసి రాసుకునే అలవాటు నాకుంది. ఊళ్ళో చాలాకాలంగా నవ్వుకుంటున్నది ఆ అలవాటును చూసే.

4. ఆన్‌లైన్ కాలేజీలో చేరాను. భాష, లెక్కలు, చట్టం గట్టెక్కాయి. మిగిలింది చరిత్ర.

5. చరిత్రలో అన్నిటికన్నా పెద్ద పని, ఒక మనిషి నోటి సాక్ష్యం సేకరించి దాని మీద వ్యాసం రాయడం. మా తూము తలుపు చక్రం తిప్పే పోలయ్య సాక్ష్యం తీసుకుని పంపాను.

6. కాలేజీ పరిశీలన యంత్రం దాన్ని తిప్పి పంపింది. కింద ఇలా రాసి ఉంది: "ఈ పనులన్నీ సాక్షి స్వయంగా చేసినవైతే అతని వయస్సు నూట ఇరవై దాటాలి. గొంతును బట్టి అరవై లోపు. సాక్ష్యం కల్పితం కావచ్చు."

7. కల్పితమని తేలితే కోర్సు నుంచి తొలగిస్తారు. మళ్ళీ చేరాలంటే మూడేళ్ళు ఆగాలి. మాకున్నది ఈ తుఫానుల కాలం ఒక్కటే.

8. విచారణలో ఉన్న విద్యార్థి తీర్పు వెలువడేవరకు తాను చేసిన పనిని నమోదు చేస్తూ ఉండాలని నిబంధన. అందువల్ల ఇది మొదలుపెట్టాను.


రెండో నమోదు

ఈ రోజు ఉదయం సముద్రపు నీటిలో ఉప్పు వడగట్టే జల్లెడలు కడిగాను. మంచినీళ్ళ తొట్టె సగం కూడా నిండలేదు. గోడకు పట్టిన గుల్లలు గీకే వంతు నాదే కావడంతో మధ్యాహ్నం దాకా మోకులో వేలాడుతూ గడిపాను. గీకుతున్నంతసేపూ నూట ఇరవై అనే అంకె తలలో తిరుగుతూనే ఉంది.

ఎనిమిదో తూము నుంచి ఇద్దరు వచ్చే విడతలో ఇదే కోర్సులో చేరతారట. ఏమేమి ఉంటుందో రాసిపెట్టమని పడవవాడితో కబురు చేశారు. విచారణ నమోదులో ఇతరులకు సలహాలు రాయకూడదని నిబంధనల్లో ఎక్కడా కనిపించలేదు. కనుక రాస్తున్నాను.

చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు వల్లె వేయడమని నేను భయపడ్డాను. వాటికొక పట్టిక తయారుచేసి మంచం పక్క గోడకు అంటించాను. ఒక్కటీ అడగలేదు. ఈ కోర్సులో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు? వినడానికి తేలికగా ఉంటుంది. నాలుగో వారానికి ఒళ్ళు హూనమవుతుంది.

పాఠం వినడం ఇందులో చిన్న భాగం. చదవాల్సింది గుట్టలుగా ఉంటుంది. చదివారా లేదా అని ఎవరూ మీ వెంటపడరు. వెంటపడకపోవడమే ప్రమాదం. వారం వారం చర్చా వేదికలో సొంత అభిప్రాయం ఒకటి రాయాలి, తోటివారి రాతలకు జవాబివ్వాలి. మెట్ట ప్రాంతపు విద్యార్థిని ఒకామె ఉంది, పేరు నాగఝాన్సీ. ఎవరేం రాసినా కింద "చాలా లోతుగా రాశారండీ" అని పెడుతుంది. ఆమెకు మార్కులు పడుతూనే ఉన్నాయి. నేను నా మొదటి జవాబులో ఒకాయన వ్యాసంలోని పొరపాట్లకు అంకెలు వేసి పెట్టాను. ఆయన మళ్ళీ వేదిక మీద కనిపించలేదు. మీరు అలా చేయకండి.

మన తూముల దగ్గర కరెంటు ఆటుపోట్ల మీద ఆధారపడి ఉంటుందని కాలేజీకి ఎన్నిసార్లు చెప్పినా ప్రయోజనం లేదు. నీళ్ళు నిలకడగా ఉన్న వేళ గోడలోని మరలు ఆగుతాయి, తెర ఆరిపోతుంది. పరీక్ష మధ్యలో తెర ఆరిపోతే మీరు లేచి వెళ్ళిపోయినట్టే లెక్క. గడువులన్నీ వాళ్ళ గడియారం ప్రకారమే నడుస్తాయి. ముందు రోజే పంపేయడం మంచిది.

ఇక నోటి సాక్ష్యం గురించి. దాని గురించి సలహా ఇచ్చే స్థితిలో నేను లేను.


మూడో నమోదు

ఆచార్య లీలాపద్మ గారు పిలిచారు. మా చరిత్ర కోర్సు నడిపేది ఆవిడే. తెర మీద ఆవిడ కళ్ళ కింద నీడలు కనిపించాయి. ఈ విడతలో నాలుగు వందల మంది విద్యార్థులట.

"యంత్రం మిమ్మల్ని అబద్ధాలకోరు అనలేదు సత్యానందం గారూ. లెక్క కుదరలేదు అంది, అంతే."

"ఆ లెక్క నేనూ వేయగలను మేడమ్. పోలయ్య అలాగే చెబుతాడు."

"అలాగే అంటే? గోడ కట్టింది నేనే అంటాడు. అరవై ఏళ్ళ కిందటి పెద్ద తుఫానులో తలుపు తెరిపించింది నేనే అంటాడు. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళని మీరే రాశారు!"

అప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మా దగ్గర ఎవరికీ వివరించనక్కర్లేని సంగతిని గొంతు సవరించుకుని వివరించాను. ఏడో తూము చక్రం ఎవరు పట్టుకుంటే వాళ్ళే పోలయ్య. పట్టుకునే రోజు తలుపు దగ్గర నిలబడి, పుట్టినప్పటి పేరును నీళ్ళలోకి ఒక్కసారి చెప్పి వదిలేస్తారు. దాన్ని పేరు దింపడం అంటాం. ఆ తర్వాత ఆ పేరు ఎవరూ పలకరు. అంతకు ముందు పోలయ్యలు చేసినవన్నీ కొత్త పోలయ్య తానే చేసినట్టు చెబుతాడు. అలా చెప్పడమే మర్యాద.

ఆవిడ నా వ్యాసం మళ్ళీ తెరిచి చూశారు.

"ఇది వ్యాసంలో ఎందుకు రాయలేదండీ?"

"రాయాలని తోచలేదు మేడమ్. సముద్రం ఉప్పగా ఉంటుందని కూడా రాయలేదు."

ఆవిడ నవ్వారు. అలసిపోయిన నవ్వు.

"మీ ఊరి పాత రిజిస్టరులో చూడకపోయారా?"

"అందులో పోలయ్య ఎప్పుడూ చనిపోలేదు."

ఆవిడ అడిగినవి రాసుకున్నాను. ఒకటి, ఇప్పటిదాకా పోలయ్యలుగా ఉన్నవాళ్ళ అసలు పేర్లు. రెండు, ఆ సంగతి చెప్పే మరో సాక్షి. మూడు, ఇప్పటి పోలయ్య తన సొంత పేరు మీద ఇచ్చే సమ్మతి. పది రోజుల గడువు.

పెట్టేసే ముందు ఆవిడ అన్నారు: "మీరు చేసింది వింత తప్పేం కాదు. బాగా తెలిసిన చోట ప్రశ్న అడగలేదు. నా విద్యార్థులు సగం మంది అక్కడే పడిపోతారు."

ఓదార్పు మాటే. కానీ దింపేసిన పేర్లను నీళ్ళలోంచి ఎలా తీయాలో ఆవిడ చెప్పలేదు.


నాలుగో నమోదు

పోలయ్య తలుపు మరకు గ్రీజు పెడుతున్నాడు. నన్ను చూసి పళ్ళు బయటపెట్టాడు.

"ఏటి మేస్టారూ, ఇస్కూలోళ్ళు గోడకుర్చీ ఏయించినారా?"

"నీకు నూట ఇరవై ఏళ్ళు దాటాయంటున్నారు బావా."

"మరి? తక్కువేటి?"

"నిజం చెప్పు. గోడ కట్టేనాటికి నువ్వు పుట్టావా?"

"పుట్టడమేటి, కట్టినాను! రాళ్ళు మోసినాను. బుజం సూడు." చొక్కా జరిపి కాయ కాసిన చోటు చూపించాడు.

"అది చక్రం ఒరుసుకుని కాసిన కాయ."

"ఏదైతేటి? చక్రం గోడది కాదేటి?"

పరిస్థితి వివరించాను. సమ్మతి పత్రం సంగతి, పేరు సంగతి చెప్పాను. పేరు అనగానే గ్రీజు గుడ్డ డబ్బా మీద పెట్టేశాడు.

"దింపేసిన పేరు మళ్ళా ఎత్తుకోమంటావా?"

"ఒక్కసారి. పత్రం మీద."

"ఆ పేరుతో నానేటి సేసినానని సత్తెం? వలలు కుట్టినాను. తాగినాను. మా ఇంటిదానిచేత తిట్లు తిన్నాను. చక్రం పట్టినాకే నలుగురిలో నిలబడ్డాను. పిల్లలు వొచ్చి, పోలయ్యా, గోడ ఎలా కట్టినావో సెప్పు అంటారు. సెప్తాను. ఇప్పుడు నీ కాయితం వొచ్చి ఏటంటాది? ఈడు నిన్నగాక మొన్న వొచ్చినోడు అంటాది."

"ఊరు పోతే ఈ చక్రం మాత్రం ఎక్కడుంటుంది?"

"చక్రం ఉంటాది. ఊరే ఉండదు. సముద్రానికి ఊరుతో పనేటి?" గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఎల్లు. పోటు తిరగతంది, నాకు పనుంది."

పోటు తిరగడానికి ఇంకా చాలా సమయం ఉంది. ఇద్దరికీ తెలుసు.


ఐదో నమోదు

రెండో సాక్షి కోసం వెతకాల్సిన పని లేదు. పెద్ద తుఫానును చూసినవాళ్ళలో మిగిలింది సన్యాసమ్మ ఒక్కతే. ఇప్పటి పోలయ్యకు ముందున్న పోలయ్య భార్య ఆవిడ. ఎనభై దాటిన మనిషి. నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. భర్త పోయి పదిహేనేళ్ళయినా ఆ బొట్టు, గాజులు అలాగే ఉన్నాయి. పోలయ్య చావలేదు కనుక ఆవిడకు వైధవ్యమూ రాలేదు. ఇది కూడా నేను ఏనాడూ ప్రశ్నగా రాసుకోని సంగతే.

ఆవిడ పందిళ్ళ మీద సముద్రపు నాచు ఆరబెడుతోంది. చెప్పేదంతా విని, చేయి ఆపకుండానే అంది: "ఎన్నాళ్ళకి అడిగినావు నాయనా."

"మొదటి పోలయ్యను చూశావా పెద్దమ్మా?"

"సూడకేటి. ముసిలోడు. నోట్లో సుట్ట. గోడ కట్టినోళ్ళలో ఆడొకడు. పెద్ద తుపానుకి గోడ మీంచి గాలి ఎత్తుకుపోనాది. ఆ కాలంలో తలుపుకి వినే మర ఉండీది. ఎవురూ అని అడిగీది. పోలయ్యని అని సెప్తేనే తెరుసుకునీది. ముసిలోడు పోనాడు. అప్పుడు ఇళ్ళు గోడ కిందే, లోపలేపు. వరద నీరు కప్పులకాడికి వొచ్చేసినాది. బయటికి వదలకపోతే అందరం పోతాం. అప్పుడు మాయన పరుగెత్తి, పోలయ్యని అని అరిసినాడు. తలుపు తెరుసుకుంది."

"గొంతు వేరని మర గుర్తుపట్టలేదా?"

"గాలివానలో ఎవుడి గొంతైనా ఒకటే నాయనా."

ఆవిడ చెప్పినదాని ప్రకారం, తలుపువాడు పోయాడని తెలిస్తే మండలి కొత్తవాణ్ణి పంపేదాకా తలుపుకు తాళం వేస్తుంది. మధ్యలో మరో వాన వస్తే ఎవరూ మిగలరు. కనుక పోలయ్య పోలేదని ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. వినే మర కొన్నాళ్ళకు తుప్పుపట్టి ఆగిపోయింది. తలుపును చేత్తో తిప్పే చక్రం వచ్చింది. ఊరు మాత్రం ఆ మాట వదల్లేదు.

మేం పెద్దలిచ్చిన ఆచారం అనుకుంటున్నది, ఒక తుఫాను రోజు ప్రాణాలు నిలుపుకోవడానికి ఆడిన అబద్ధం.

"మరి పెదనాన్న పోయినప్పుడు?"

నాచు పరుస్తున్న చేయి ఆగింది.

"పొద్దు వాలేయేళ పోనాడు. పోటు తిరిగినాది, ఆయన పోనాడు. సీకటి పడకముందే ఈ చక్రమయ్య వొచ్చి చక్రం పట్టినాడు. నాను ఏడవబోతే మీ అమ్మే నోరు మూసినాది. పోలయ్య ఉన్నాడు కదా, ఏటే ఏడుపు, తూముకి అరిష్టం అన్నాది."

"మా అమ్మా?"

"మీ అమ్మే. మంచి మనిషే. భయపడ్డాది."

ఆవిడ ఇప్పటి పోలయ్యను ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు. చక్రమయ్యా అంటుంది. భర్త పేరు నోటితో పలకకూడదని పెరిగిన మనిషి. పదిహేనేళ్ళుగా భర్త పేరుతో మరొకడు ఎదురుగా తిరుగుతుంటే ఇంకేమని పిలుస్తుంది?

"పెదనాన్న అసలు పేరు చెప్పు పెద్దమ్మా. వ్యాసంలో రాయాలి."

"బతికున్న మొగుడి పేరు సెప్పకూడదు."

"ఆయన..."

"మీ లెక్కలో బతికే ఉన్నాడు. పోనాడని రాయి. రాసి నాకు సదివి వినిపించు. అప్పుడు సెప్తాను."

నేను ఓపిగ్గా చెప్పాను. చావు నమోదు చేసే అధికారం నమోదుదారుకే ఉంటుంది. చరిత్ర పరీక్ష గట్టెక్కితేగాని నేను నమోదుదారును కాను. పేరు తెలిస్తేగాని చరిత్ర గట్టెక్కదు. అంకెలు వేసి మరీ చెప్పాను.

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఆ ఇస్కూలు కాయితం మీద ఒక ముసలోడు సచ్చిపోనాడని రాయడానికి ఎవుడి పర్మిషన్ కావాలేటి?"

ఎవరిదీ అక్కర్లేదు. వ్యాసంలో ఎవరైనా ఏదైనా రాయవచ్చు, ఎవరు చెప్పారో రాస్తే చాలు. చదువుకునే తెర పలక తెరిచి రాశాను. చదివాను: "రెండో పోలయ్య పదిహేనేళ్ళ కిందట మరణించారు."

"రెండో పోలయ్య ఎవుడు? నా మొగుడు అని రాయి."

దిద్దాను. "సన్యాసమ్మ భర్త పదిహేనేళ్ళ కిందట, పొద్దు వాలే వేళ, పోటు తిరిగినప్పుడు మరణించారు."

"మళ్ళా సదువు."

మళ్ళీ చదివాను. ఆవిడ పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఏడ్చింది. చుట్టుపక్కల పందిళ్ళ కింద ఉన్నవాళ్ళు తలెత్తి చూశారు. ఎవరూ వచ్చి నోరు మూయలేదు. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూస్తున్నట్టు మెల్లగా అంది:

"దానయ్య. సూరాడ దానయ్య."

రాసుకున్నాను. ఆ తర్వాత నా చూపు అనుకోకుండా ఆవిడ చేతుల మీదికి వెళ్ళింది.

"ఏటి సూస్తన్నావు? గాజులు తియ్యను. ఏడవడానికి అడిగినాను గాని, ఎండిపోడానికి కాదు."

మొదటి పోలయ్య పేరు అడిగాను. ఆవిడకు తెలియదు. అందరూ తాతా అని పిలిచేవారట.


ఆరో నమోదు

కబురు గోడ పొడుగునా పాకింది. పోలయ్య నాతో మాట్లాడటం మానేశాడు. మా గుమ్మం ముందు నుంచి వెళ్తూ మొహం పక్కకు తిప్పుకుంటున్నాడు. మంచినీళ్ళ తొట్టె దగ్గర వరుసలో నా వెనక నిలబడాల్సి వస్తే ఖాళీ బిందెతో వెనక్కి వెళ్ళిపోయాడు. తప్పు పట్టలేను. నేను ఆయన నుంచి తీసుకోబోతున్నదేమిటో ఆయనకు నాకన్నా బాగా తెలుసు.

వ్యాసం తిరగరాశాను. మొదటి పోలయ్య పేరు దగ్గర చాలాసేపు ఆగాను. ఏదో ఒక పేరు పెడితే యంత్రానికి తేడా తెలియదు. గోడ కట్టడానికి వచ్చినవాళ్ళ ఇంటిపేర్లు నాకు తెలుసు. నప్పే పేరు కూర్చడం నాలాంటివాడికి పెద్ద పని కాదు. నిద్ర చాలని మనిషికి అలాంటి ఆలోచనలు వస్తాయని ఎనిమిదో తూమువారు గుర్తుపెట్టుకోవాలి. "తెలియదు" అని రాశాను.

ఈ రోజు గడువుకు ముందు రోజు. సమ్మతి పత్రం ఉన్న పలక పట్టుకుని చక్రం దగ్గరికి వెళ్ళాను. పోలయ్య నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. మెట్ల మీది నుంచి సన్యాసమ్మ క్యారియరుతో వచ్చింది. కింది మెట్టు మీదే ఆగి, గోడ దద్దరిల్లేలా కేక వేసింది.

"పోలయ్యా! అన్నం సల్లారిపోతంది!"

పోలయ్య గిరుక్కున తిరిగాడు.

"ఏటన్నావు?"

"పోలయ్యా అన్నాను. సెవుడేటి?"

"ఎప్పుడూ అన్లేదు కదా అప్పా."

"ఎలాగంటాను? మాయన పేరని నోరు రానేదు. మాయన పేరు దానయ్య. ఈ పేరు నీది. నువ్వే ఉంచుకో." క్యారియరు ఆయన ముందు పెట్టింది. "తిను. సేపల పులుసు. ముళ్ళు సూసుకో."

ఆయన తిన్నాడు. తింటున్నంతసేపూ తల ఎత్తలేదు. చేయి కడుక్కుని, నా వైపు చూడకుండానే అన్నాడు: "ఏటి రాసినావో సదువు."

మొత్తం చదివాను.

"నా వంతుకి ఏటున్నాదో మళ్ళా సదువు."

ఆయన వంతు చదివాను. పదిహేనేళ్ళు. మూడు తుఫానులు. తలుపు బిగుసుకుపోయిన రోజు నడుముకు మోకు కట్టుకుని నీళ్ళ అడుగుకు దిగి, అడ్డం పడిన దుంగను విడిపించడం.

"అది నానే."

"నువ్వే."

"గోడ కట్టింది?"

"మొదటి ఆయన."

"తలుపుని అరిసి తెరిపించింది?"

"దానయ్య."

కాసేపు నీళ్ళ వైపు చూశాడు. "నాకు శానా తక్కువ మిగిల్చినావు సత్తెం."

అది నిజం. సన్యాసమ్మ ఖాళీ గిన్నెలు సర్దుతూ, "ఆ నీళ్ళలోకి దిగమంటే ఆ ఇద్దరిలో ఒక్కడూ దిగీవోడు కాదు. మాయనకి ఈతే సరిగా రాదు," అంది. పోలయ్య ముందు నవ్వలేదు. తర్వాత నవ్వాడు.

పలక తన దగ్గరికి లాక్కుని, వంగి, దాని చెవిలో చెబుతున్నట్టు చెప్పాడు: "గరికిన ఎర్రయ్య."

పేరు పత్రంలోకి ఎక్కింది. పలక నా చేతిలో పెట్టాడు.

"రాసుకో. పిలవకు."


ఏడో నమోదు

తీర్పు వచ్చింది. కల్పన కాదని తేల్చారు. వ్యాసం అంగీకరించారు, ఉత్తీర్ణుణ్ణయ్యాను. మొదటిసారే సరిగా పంపనందుకు మార్కులు కోశారు. కోయగా మిగిలినవి గర్వంగా చెప్పుకునేవి కావు. యంత్రం కింద రెండు వాక్యాలు రాసింది: "గతం గురించిన భాగం ఒకే సాక్షి మీద ఆధారపడి ఉంది. మొదటి వ్యక్తి పేరు లేదు." రెండూ సరైనవే.

ఆచార్య లీలాపద్మ గారు విడిగా రాశారు: "తెలియదు అని రాసిన చోట మీకు మార్కులు వేశాను. అక్కడ ఏదో ఒకటి పెట్టేవాళ్ళే ఎక్కువ." వేదికలో నాగఝాన్సీ కూడా ఎప్పటి మాటే రాసింది. ఈసారి నిజంగా చదివే రాసిందేమో. చాలా పొద్దుపోయాక పెట్టింది.

ఎనిమిదో తూమువారికి చివరగా చెప్పేది. చేరండి. చదువు ఎక్కువ, నిద్ర తక్కువ, మర్యాదలు విచిత్రం, అయినా ఓపిక ఉంటే నెట్టుకురావచ్చు. కానీ ఒక సంగతి కోర్సు వివరాల్లో ఉండదు. మీరు బయటి రాజ్యాల గురించి నేర్చుకుంటామనుకుని చేరతారు. చివరికి ప్రశ్న మీ ఇంటి గుమ్మం దగ్గరికే వస్తుంది. జవాబు రాసి పంపాక మీ ఊరు మీరు చేరినప్పటి ఊరుగా ఉండదు. దాన్ని వెనక్కి పెట్టే నిబంధన ఏదీ లేదు. నేను వెతికాను.

మొన్న పిల్లలు పోలయ్యను గోడ కథ చెప్పమన్నారు. "నాను రాళ్ళు మోసి..." అని మొదలుపెట్టి ఆగాడు. "మొదటాయన మోసినాడు," అన్నాడు. మళ్ళీ సాగించాడు గానీ, వెనకటి ఊపు లేదు. పిల్లల్లో ఇద్దరు మధ్యలోనే లేచిపోయారు. కాసేపటికి దుంగ కథలోకి వచ్చాడు. అక్కడ గొంతు పెరిగింది. ఆ కథ ఇంకా కుదుటపడాలి. కొత్త కథ కదా.

ఈ రోజు మండలి పడవ వచ్చింది. ఆవాసంగా మా పేరు నిలిచింది. కొత్త రిజిస్టరు, ముద్ర నా చేతికిచ్చి, మొదటి పేజీ తమ ముందే రాయాలన్నారు. మామూలుగా మొదటి పేజీలో శుభం కోసం ఏదైనా పుట్టుక రాస్తారట. ఈ నెలలో పుట్టుక ఉందా అని మండలి ఆయన అడిగాడు. ఉంది. అయినా సన్యాసమ్మ నా పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. పోలయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రాసింది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. దీనితో ఈ నమోదు ముగుస్తుంది.

మరణం. సూరాడ దానయ్య, ఏడో తూము తలుపు కాపలాదారు. పదిహేనేళ్ళ కిందట, పొద్దు వాలే వేళ, పోటు తిరిగినప్పుడు. గంట తెలియదు. భార్య సన్యాసమ్మ చెప్పగా రాసినది. సాక్షి: తలుపు కాపలాదారు పోలయ్య.

రాసిన వేళ: సాయంత్రం నాలుగున్నర.

చోడిపల్లి సింహాద్రి సత్యానందం